ఇనుము చేయి పట్టుకుంటే

హో పట్నంలో హర్మాటన్ గాలి మొదలైందంటే
మా ల్యాబు కిటికీలకు తడిగుడ్డలు కడతాం.
ఎడారి దుమ్ములోనూ ఇనుముంటుంది మరి.
పిలవని చుట్టంలా పరీక్షలోకి దిగి
రంగు చెడగొట్టి పోతుంది.

ఆ ఉదయం అగ్బొజుమె నుంచి ఒక కవరు.
లోపల పది మాత్రల అట్ట, ఆరు గుంటలు ఖాళీ.
నర్సు ఎసినామ్ రాసిన చీటీ:
"టైఫాయిడ్. పందొమ్మిదేళ్ళ నేతగాడు.
ఇది రెండో అట్ట. ఎనిమిది రోజులుగా మింగుతున్నాడు,
జ్వరం ఒక్క మెట్టు దిగలేదు.
దొంగ మాత్రలని ఊరంతా అంటోంది.
నిన్న రాత్రి మందుల కొట్టు మీద రాళ్ళు పడ్డాయి.
త్వరగా చెప్పండి."

దొంగ మాత్రలు నాకు కొత్త కాదు.
సుద్ద వచ్చింది, గంజిపొడి వచ్చింది,
ఒకసారి గోడలకు కొట్టే సున్నమే వచ్చింది,
అంచులు నున్నగా, అక్షరాలు ముచ్చటగా.
అందుకే కల్వంలో నూరుతున్నప్పుడే
నా చేతికి కోపం వచ్చేసింది.

పలచని ఆమ్లంలో కలిపాను. వడగట్టాను.
సిప్రోఫ్లాక్సాసిన్ అణువుకు ఒక పక్కన
రెండు ఆక్సిజన్లు దగ్గరదగ్గరగా ఉంటాయి,
కెటా ఉప్పుకయ్యలో పీత డెక్కల్లా.
లోహం అందితే వదలవు.
ఇనుప ద్రావణం వంచాను, చుక్క, ఇంకో చుక్క.
మందు లేకపోతే ఆ ద్రావణం
ఎవరూ పలకరించని మనిషిలా
లేత పసుపుగానే నిలబడి ఉంటుంది.
ఉంటే,

నారింజ.

బొగ్గు మీద ఊదితే లేచే నారింజ.
మా ముత్తాత అక్పాఫు కొండమీద
రాయి నుంచి ఇనుము దించేవాడట.
"ఇనుము అబద్ధమాడదు,
దాన్ని పట్టుకున్న చెయ్యి ఆడుతుంది" అనేవాడట.
వెలుగు కొలిచే యంత్రంలో పెట్టాను.
నూటికి తొంభై తొమ్మిది.
మూడుసార్లు చూశాను నియమం కోసం,
నాలుగోసారి నా కోపం కోసం.

మాత్ర మంచిదే.
మరి జ్వరమెందుకు దిగలేదు?

ఫోన్ చేశాను. ఎసినామ్ అన్నది:
"ఏ పూటా తప్పలేదండీ. తల్లి చాలా శ్రద్ధ మనిషి.
మాత్ర వెయ్యగానే వెంట ఒక మూత
బ్లడ్ టానిక్కు కూడా పోస్తోంది.
బిడ్డ తెల్లగా పాలిపోయాడని
ఎండుచేపలమ్మిన డబ్బుతో కొన్నదట.
సీసా మీద సింహం బొమ్మ."

కాసేపు నేనేమీ మాట్లాడలేదు.
టానిక్కంటే ఇనుమే కదా.

గాజు నాళికలో నేను మెచ్చుకున్న పట్టే
ఆ కుర్రాడి కడుపులో రోజుకు రెండుసార్లు పడింది.
పీతకు ఇనుము దొరికింది,
దొరికినదాన్ని వదల్లేదు,
రక్తం గడప దాటలేదు.
వెళ్ళాల్సిన మందు వెళ్ళకుండా
తల్లి చేతి మీదుగానే తోవ మూసుకుంది.
కడుపు కిటికీకి
తడిగుడ్డ ఎవరు కడతారు?

మా రిపోర్టు కాగితంలో రెండే గళ్ళు:
నిలిచింది, నిలవలేదు.
మొదటిదానిలో టిక్కు పెట్టి
పక్కన మూడో గడి నేనే గీశాను,
స్కేలు దొరక్క వంకరగా.
"కోర్సు మళ్ళీ మొదటినుంచి, డాక్టరుకు చూపించి.
అది పూర్తయ్యేదాకా టానిక్కు వద్దు. పాలు కూడా మాత్రతో వద్దు,
సున్నానికీ ఆ డెక్కలు అంటుకుంటాయి.
కొట్టు సెలొర్మ్‌కి ఈ కాగితం నకలు ఇవ్వండి, గోడకు అంటించుకుంటాడు.
తల్లికి చెప్పేటప్పుడు
నీవల్లే అన్న మాట
నోటిదాకా వచ్చినా మింగేయండి."

అంతకు మించి నాకు తెలియదు.
మా దగ్గరికి మాత్రలొస్తాయి గాని మనుషులు రారు.
సాయంత్రం నాళికలు కడుగుతుంటే
ఒకదాని అడుగున నారింజ మరక,
బ్రష్షుకు లొంగలేదు.
కింద రోడ్డు మీద టానిక్కు వ్యాను
దుమ్ములో నిదానంగా పోతూ
మైకులో అరుస్తోంది:
రక్తం పడుతుంది, బలం వస్తుంది, రండి.

అబద్ధమేం కాదు.